టీ కాదనని మనిషి

మా ఆయన గున్నయ్య ఎవరింటికి వెళ్లినా టీ కాదనడు. వినేవాళ్లకు ఇదేదో మంచి గుణంలా ఉంటుంది. ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని, అదెంత తలనొప్పో నన్నడగండి. ఆయన మా మేనత్త కొడుకు. నేను బావా అంటాను, ఆయన నర్సమ్మా అంటాడు. నా పూర్తి పేరు అప్పలనరసమ్మ, మా ఊరి అంగన్‌వాడీలో టీచర్ని. అక్కుపల్లి వెళ్లే రోడ్డులో, సముద్రానికి కాస్త ఇవతల, జీడితోటల మధ్య ఉంటుంది మా ఊరు.

ఈ టీ గోలకు ఒక కథ ఉంది. మా పెళ్లయిన కొత్తలో బావ సర్పంచిగా నిలబడ్డాడు. ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగిన ప్రతి ఇంట్లో టీ. ఒక వీధిలో ఆఖరి ఇంటికి చేరేసరికి కడుపు ఉబ్బిపోయి ఊపిరాడలేదు. ఆ ఇంటి ముసలమ్మ గ్లాసుతో ఎదురొస్తే, "ఇప్పుడొద్దు పిన్నీ, మళ్లీ వత్తాను" అన్నాడు. అంతే. పొద్దుగూకేలోపల మాట పాకిపోయింది, గున్నయ్య వాళ్లింట్లో గ్లాసు ముట్టడట అని. ఆ వీధి ఓట్లన్నీ అవతలివాడికి పడ్డాయి, ఈయన ఓడిపోయాడు. ఓడినందుకు పెద్దగా బాధపడలేదు గాని ఆ ముసలమ్మ ముఖం మాత్రం మర్చిపోలేకపోయాడు. తర్వాత ఒకరోజు తనే వెళ్లి, ఆమె అరుగు మీద కూర్చుని, అడిగి మరీ టీ పెట్టించుకుని తాగి వచ్చాడు.

అప్పటినుంచీ అంతే. ఏ కులమైనా సరే, ఎంత చల్లారినా సరే, పంచదార లేకపోయినా, పాలు విరిగినా, చేత్తో ఎవరు ఏమిచ్చినా పుచ్చుకుంటాడు. తర్వాతి ఎన్నికల్లో గెలిచాడు, సర్పంచి చేశాడు, పదవి దిగి చాలా ఏళ్లయింది. టీ మాత్రం దిగలేదు. చెట్టు గట్టు తగాదాలకు ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు, పిలిచిన చోటల్లా టీ పెడతారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఇన్నేళ్లలో ఆయన డబ్బులిచ్చి కొట్లో టీ కొనగా నేను చూడలేదు. పలాస బజారుకు వెళ్తే కొట్టువాడే పిలిచి ఇస్తాడు, లేదంటే పక్కనున్నవాడు ఇప్పిస్తాడు. కొనుక్కుని తాగడం ఆయనకు చేతకాదు.

మూడేళ్ల కిందట కాళ్లు వాచాయి, కిడ్నీలు పాడయ్యాయన్నారు. క్రియాటినిన్ ఎంత అన్న మాట మా ఉద్దానం వైపు పెళ్లిచూపుల్లో తప్ప అన్ని చోట్లా వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనూ ఆశ్చర్యపోలేదు, ఒళ్లు మండిపోయింది. ఆయన ఏ తప్పు చేశాడని? మందు తాగడు, చుట్ట కాల్చడు. తోటలో పని చేశాడు, ఊరి నీళ్లు తాగాడు, అంతే.

వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఆటోలో పోవడం, మంచం మీద పడుకోవడం, తోటకూర కాడలా వాలిపోయి ఇంటికి రావడం. రోజు మొత్తానికి చిన్న సీసాడు నీళ్లు దాటకూడదన్నారు. ఆయన ఏం చేశాడో తెలుసా? నీళ్లు మానేశాడు. చారు మానేశాడు, మజ్జిగ మానేశాడు. దాహం వేస్తే ఐసు ముక్క చప్పరించేవాడు. ఆ మిగిల్చిన నీళ్ల లెక్కంతా ఊళ్లోవాళ్ల టీకి ఉంచుకున్నాడు. ఎవరింటికి వెళ్లినా రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెడతాడు, వాళ్లూ తృప్తిపడతారు. చూసేదాన్ని నేను గదా, నాకు మండుతుంది.

నా కిడ్నీ ఇస్తానని నేనే అన్నాను. మా అమ్మాయి సాహిత్యది ఆయన గ్రూపుకు కలవలేదు. నాది కలిసింది. విశాఖలో నాకు చేయవలసిన పరీక్షలన్నీ చేసి, నిక్షేపంలా ఉన్నానన్నారు. ఇక మిగిలింది ఆయన గుండె. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల గుండె లోలోపల దెబ్బతింటుందట, అందుకని గుండె పరీక్షలో బాగుందని తేలితేనే ఆపరేషన్ చేస్తారు. తేలకపోతే నా కిడ్నీ నా దగ్గరే, ఆయన మంచం మీదే. ఆలస్యం చేసేకొద్దీ ఆ గుండె ఇంకా పాడవుతుందని పలాస డాక్టరు చెప్తూనే ఉన్నాడు.

మొదట ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఆ పట్టా మీద జోరుగా నడిస్తే గుండె వేగం పెరగాలి, అప్పుడు దాని సత్తా తెలుస్తుంది. ఈయన కాళ్లలో సత్తువ ఎక్కడుంది? గుండె వేగం అందుకోకముందే పిక్కలు పట్టేశాయి, ఆపేశారు. "ఉద్దానం తోటలన్నీ కాళ్లతో తిరిగినోణ్ణి, ఈ పట్టా మీద ఓడిపోనాను సూడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు దీప్తి అనే డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. చిన్న వయసే గాని ఓపికగా మాట్లాడుతుంది. "పరుగెత్తక్కర్లేదండీ. సూదితో ఒక మందిస్తాం, అది గుండె రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. కష్టపడి నడిచినప్పుడు రక్తం ఎలా పెరుగుతుందో అలాగే పెరుగుతుంది. ఎక్కడైనా పూడిక ఉంటే ఆ చోటికి మాత్రం పెరగదు. ఇంకో సూదితో కాస్త రేడియో మందు ఎక్కించి ఫోటోలు తీస్తే ఆ తేడా కనిపిస్తుంది" అంది.

"అయితే నడవక్కర్లేదా?" అన్నాను.

"నెమ్మదిగా నడిపిస్తాం. ఇంట్లో అటూ ఇటూ తిరిగినంత. ఉత్త మందే ఇస్తే ఒళ్లంతా ఆవిర్లు, తలతిప్పు, బీపీ పడిపోవడం ఉంటాయి. చిన్న నడక కలిపితే అవి తగ్గుతాయి, ఫోటోలూ శుభ్రంగా వస్తాయి." ఆ తర్వాత ఆమె బావ వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "ఒక్కటే షరతు. ముందు రోజు పొద్దున్నుంచీ టీ వద్దు, కాఫీ వద్దు, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు వద్దు. టీలో ఉండే పదార్థం ఆ మందును పనిచేయనివ్వదు. పూడిక ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. తాగినట్టు తెలిస్తే పరీక్ష చెయ్యం."

ప్రపంచంలో ఇన్ని వస్తువులుండగా ఈయనకు టీ వద్దన్నారు. నా నుదుటిని ఏమనాలి?

పరీక్ష ముందు రోజు టెక్కలిలో సాహిత్య ఇంట్లో దిగాం. ఇంట్లో అందరికీ చెప్పాను, సాహిత్య టీ పొడి డబ్బా అటక మీద పెట్టింది. నేను మర్చిపోయింది వియ్యపురాలిని. ఆమె పేరు ప్రమోదిని, ఇచ్ఛాపురం వైపు మనిషి, మర్యాదలో ఎవరికీ తీసిపోదు. పక్క వాటాలోనే ఉంటుంది. తెల్లారి నేను స్నానానికి వెళ్లిన కాసేపట్లో, పెద్దాయన ప్రయాణం పెట్టుకున్నాడు గదా అని అల్లం దంచి వేసిన టీ పట్టుకొచ్చింది. ఈయన పుచ్చుకున్నాడు.

విశాఖలో నర్సు అడిగింది, నిన్నట్నుంచి టీ గాని కాఫీ గాని తాగారా అని. అబద్ధం మాత్రం ఆడడు మహానుభావుడు. "పొద్దున్న వియ్యపురాలిత్తే తాగినానమ్మా" అన్నాడు. పరీక్ష ఆపేశారు. ఈయన కోసం పొద్దున్నే తయారుచేసిన మందు వృథా. నెల తర్వాత రమ్మన్నారు.

తిరుగు రైలెక్కి చాలా దూరం వచ్చాం. చివరికి ఉండబట్టలేక అడిగాను. "నీకు డాక్టరమ్మ సెప్పింది కాదేటి?"

"సెప్పింది."

"మరేటి సేసినావు?"

"వియ్యపురాలు సేత్తో ఇత్తే ఎలగ కాదంతాను నర్సమ్మా. రేపు పిల్లని ఏటైనా అంతే?"

ప్రమోదిని ఒక మాట అనే మనిషి కాదు. అసలు సంగతి చెప్తే ఆవిడే గ్లాసు లాక్కుని ఉండేది. ఆ మాటే అన్నాను. ఆ నెలంతా నేను చేసిన వంటలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకే తెలియదు, అంత చిరాకుగా తిరిగాను.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. టెక్కలిలో దిగలేదు. ముందు రోజంతా ఇంట్లోంచి కదలనివ్వలేదు, వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేశాను. తెల్లారి పలాసలో రైలెక్కి నేరుగా విశాఖ వెళ్లాలి. స్టేషన్లో బెంచీ మీద పక్కనే కూర్చోబెట్టుకున్నాను. రైలు వచ్చే ముందు, "ఒంటికెల్లొత్తాను" అని లేచాడు. వెళ్లి వచ్చాడు. రైలెక్కాం.

నర్సు మళ్లీ అదే ప్రశ్న అడిగింది. "తాగినానమ్మా, పలాస స్టేషన్లో" అన్నాడు.

ఆ గదిలో నేను అరవలేదు, అదే గొప్ప. బయటికొచ్చాక అరిచాను. పక్కన కూర్చున్న రోగులు కూడా లేచి నిలబడ్డారు. "నానేటి బంగారం అడిగినానా నిన్ను? ఒక్క రోజు టీ మానమన్నాను. నా ఒంట్లోది కోసి ఇత్తానంటన్నాను, నువ్వు నోరు కట్టుకోలేవా?" అన్నాను. తల వంచుకుని, "ఎవులో ఇచ్చారే, తాగీసినాను" అన్నాడు. దీప్తి డాక్టరమ్మ కూడా ఈసారి ముఖం చిన్నబుచ్చుకుంది. ఇంకొక్కసారి చూద్దామంది. మరొకసారి ఇలా అయితే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాతి వారం కాశీబుగ్గ బజారులో మన్మథరావు కలిశాడు. జీడిపప్పు వ్యాపారం చేస్తాడు, బావకు పాత స్నేహితుడు. మా తోట జీడిపిక్కలన్నీ ఆయనకే వేస్తాం. "సెల్లెమ్మా, గున్నయ్యకి నా మీద కోపమేటి?" అన్నాడు.

"కోపమెందుకు?"

"మొన్న తెల్లారి స్టేషన్లో కనబడ్డాడు. టీ కొట్టు కాడ నిలబడ్డాడు. నానిప్పిత్తానన్నాను. వొద్దన్నాడు. జేబులోంచి డబ్బులు తీసి కొనుక్కున్నాడు. నాకేసి సూడనైనా సూళ్లేదు. ముప్పై ఏళ్లలో నా సేతి టీ కాదన్లేదు ఆడు."

నేను చేతిలో కూరల సంచితో అలాగే నిలబడిపోయాను. ఎవరూ ఇవ్వలేదు. ఇస్తానన్నవాడిని వద్దని మరీ కొనుక్కున్నాడు. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఒంటికి వెళ్లొస్తానన్నాడు. డయాలసిస్ మొదలయ్యాక ఆయనకు ఒంటికి రావడం ఎప్పుడో ఆగిపోయింది. మూడేళ్లుగా చూస్తున్నదాన్ని, ఆ మాట ఎలా నమ్మాను? టీ మీద కోపంలో అసలు మనిషిని చూడలేదు నేను.

ఇంటికి వెళ్లేసరికి ఆయన తోటలో ఉన్నాడు. తిత్లీ తుఫానులో పోయిన కొబ్బరిచెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడు తలెత్తుకున్నాయి, వాటి దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. సంచి కింద పడేసి ఎదురుగా నిలబడ్డాను.

"మన్మథరావన్నయ్య కనబడ్డాడు" అన్నాను.

ఆయనకు అర్థమైపోయింది.

"గుండెలో ఏటైనా ఉందని తెలుత్తాదని బయమా?"

"నాకేటి బయం."

"మరెందుకు తాగినావు?"

"నా పక్క మంచం మీద ఎవులుంతారో నువ్వు సూళ్లేదా?" అన్నాడు.

చూశాను. జయకృష్ణ తల్లి. మా వీధిలోనే ఉంటుంది, వరసకు నాకు వదిన. కొడుక్కి కిడ్నీ పాడైతే తనది ఇచ్చింది. జయకృష్ణ ఇప్పుడు కంచిలి దగ్గర దుకాణం నడుపుకుంటున్నాడు, బాగున్నాడు. కొన్నేళ్లకు ఆమెకున్న ఆ ఒక్కటీ పాడైంది. ఇచ్చినందువల్లే అని ఏ డాక్టరూ అనలేదు. కాదని ఎవరూ గట్టిగా చెప్పనూ లేదు. ఇప్పుడు డయాలసిస్‌లో ఆమెది బావ పక్క మంచమే.

"నాను తాగిన నీళ్లే నువ్వూ తాగినావు" అన్నాడు బావ. "ఇయ్యాల నీ రిపోర్టు బాగుంది. రేపటి సంగతి ఆళ్లు రాసిత్తారా? రెండుంటే ఒకటి పోయినా ఒకటుంతాది. ఒకటి నాకిచ్చేసి, ఆ ఉన్నదీ పోతే? నాను నీ పక్కన కూసుని సూత్తా ఉండాల?"

"మరి ఆ మాట నాతో సెప్పొచ్చు కాదేటి. టీ ఎందుకు?"

"సెప్తే నువ్వినీదానివా?"

వినేదాన్ని కాదు. ఆ మాట నిజం. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది. "మొదటిసారి కూడా అందుకేనా?" అని అడిగాను.

"కాదు. అది వియ్యపురాలు ఇచ్చిందనే తాగినాను. పరీచ్చ ఆగిపోయాక అనిపించింది, ఇదేదో బాగుంది, ఎవులికీ ఏటీ సెప్పక్కర్లేకుండా ఆగిపోతాదని."

ఇది విన్నాక నేను కొట్టకుండా ఉన్నానంటే ఆయన చేతి మీద డయాలసిస్ సూదుల గాట్లు ఉండబట్టే. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఊళ్లో అందరి మర్యాదా చూస్తావు, నా మర్యాద నీకు పట్టదన్నాను. ఆయన అన్నీ విన్నాడు. చివర ఒక్కటే అడిగాను. "నువ్వు పోతే రెండు కిడ్నీలెట్టుకుని నానేటి సేత్తాను బావా?"

నేను సంచి తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను. కూరలు తరిగాను గాని పొయ్యి వెలిగించలేదు. ఆ పూట ఇద్దరం పొద్దుటి అన్నమే తిన్నాం.

మర్నాడు డయాలసిస్. మామూలుగా ఆయన్ను పడుకోబెట్టి నేను బయట కూర్చుంటాను. ఆ రోజు లోపలే నిలబడ్డాను. రెండు మంచాల మధ్య నిలబడి, ఆయన వింటుండగానే జయకృష్ణ తల్లిని అడిగాను. "వదినా, ఇచ్చినందుకు ఎప్పుడైనా బాదపడ్డావా? ఉన్నది ఉన్నట్టు సెప్పు."

ఆమె నన్ను చూసింది, బావను చూసింది. ఆమెకేం తెలుసో, ఎంత తెలుసో నాకు తెలియదు. "ఈ సూది గుచ్చినప్పుడల్లా బాదే" అంది. "ఇచ్చినందుకు కాదు. ఈ మంచం మీద నాను కాకపోతే ఆడుండీవోడు. ఆడూ వొద్దన్నాడు. ఏడిసినాడు, తిండి మానేసినాడు. ఆడి మాట ఎవులిన్నారు?" మళ్లీ బావ వైపు చూసి, "ఇత్తానంటే పుచ్చుకోవాల. లేపోతే ఇచ్చీవోలు ఏటైపోతారు" అంది.

బావ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మిషను తిరుగుతున్నంతసేపూ మళ్లీ ఇటు తిరగలేదు.

మూడోసారి ఇచ్చిన తేదీ దగ్గరపడింది. దానికి రెండు రోజుల ముందు నేను ఊరంతా తిరిగాను. అంగన్‌వాడీ టీచర్ని కదా, నేను గుమ్మం తొక్కని ఇల్లు లేదు. ప్రతి ఇంట్లో ఒకటే చెప్పాను, బావకు టీ ఇవ్వొద్దు, ఇస్తే ఆపరేషన్ ఆగిపోతుంది. టెక్కలికి ఫోన్ చేసి ప్రమోదినికి కూడా చెప్పాను. ఆవిడ మొదటిసారి పరీక్ష తన టీతోనే ఆగిందని తెలిసి ఒకటే ఏడుపు.

ఆ ముందు రోజు బావ పొద్దున్నే వీధిలోకి వెళ్లాడు. నేను ఆపలేదు. వెళ్లిన ప్రతి ఇంట్లో కుర్చీ వేశారట, క్షేమం అడిగారట, తగాదాలు కూడా చెప్పుకున్నారట. టీ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎన్నికలప్పటి ముసలమ్మ ఎప్పుడో పోయింది, ఆమె కోడలు కూడా, "ఇయ్యాల నేదు సర్పంచి గారూ, వచ్చే నెల్లో మీరిద్దరూ వచ్చి తాగండి" అందట. మధ్యాహ్నం ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "ఊరంతా నన్ను ఎలేసినట్టుందే నర్సమ్మా" అన్నాడు.

"ఎలెయ్యలేదు. నిన్ను బతకమంతన్నారు" అన్నాను.

తెల్లారి పలాస స్టేషన్. అదే బెంచీ. జీడిపిక్కలు కాల్చే వాసన అప్పుడే మొదలైంది. రైలు రావడానికి ఇంకా సమయం ఉందనగా ఆయన లేచాడు. ఈసారి ఏ సాకూ చెప్పలేదు. "అలగెళ్లొత్తాను" అన్నాడు, అంతే.

నేను లేవబోయాను. సగం లేచి మళ్లీ కూర్చున్నాను. ఊరందరి నోళ్లూ కట్టాను, ఈ కొట్టువాడి దగ్గర కూడా కాపలా కాస్తే ఇంక ఆయనిష్టం అంటూ ఏం మిగిలింది? నాకిష్టమై ఇస్తానన్నాను. ఆయనకిష్టమైతే పుచ్చుకోవాలి. ప్లాట్‌ఫారం మీద జనంలో ఆయన తెల్లచొక్కా టీ కొట్టు వైపే వెళ్లడం చూశాను. తల తిప్పేసుకున్నాను. ఆయన తిరిగి వచ్చి పక్కన కూర్చున్నాక కూడా అడగలేదు. విశాఖ దాకా గుండె దడదడలాడుతూనే ఉంది, ఆ రోజు పరీక్ష నాకు చేసినా సరిపోయేది.

నర్సు రక్తపోటు చూసింది. డయాలసిస్ చెయ్యి వదిలి రెండో చేతికి సూది గుచ్చింది. అప్పుడు అడిగింది. "నిన్న పొద్దున్నుంచీ టీ, కాఫీ ఏమైనా తాగారా?"

నేను నేల చూపు చూస్తూ నిలబడ్డాను. అవునన్న ఒక్క మాట చాలు, అన్నీ అయిపోతాయి. అది ఆయన నోట్లో ఉంది.

"నేదమ్మా" అన్నాడు.

నర్సు నమ్మలేదు. రెండుసార్లు చూసిన మనిషి గదా. "స్టేషన్లో కూడా?"

"కొట్టు కాడికెల్లినాను. నిలబడ్డాను. తాగలేదు."

ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టారు. ఛాతీ నిండా తీగలు అంటించారు. పట్టా నెమ్మదిగా కదలడం మొదలైంది, ఆయన సాయంత్రం పూట తోటలో నడిచినట్టు నడిచాడు. దీప్తి డాక్టరమ్మ చేతి సూదిలోంచి మందు ఎక్కించింది. "ఇప్పుడు ఛాతీ బిగుసుకున్నట్టు, ఒళ్లు వేడెక్కినట్టు ఉంటుంది. భయపడకండి, నడుస్తూనే ఉండండి. ఆ నడకే మీకు సాయం" అంది. ఆయన ముఖం ఎర్రబడింది, చెమట పట్టింది. ఆగిపోతాడేమో అనుకున్నాను. అప్పుడు ఆయన చెయ్యి రెయిలింగు మీదనుంచి నా వైపు చాపాడు. నర్సు వద్దనబోయింది, డాక్టరమ్మ పోనిమ్మంది. నేను ఆ చెయ్యి పట్టుకుని, కదలని నేల మీద నిలబడ్డాను. ఆయన నడుస్తూనే ఉన్నాడు. కాళ్లు వణికాయి గాని ఆగలేదు. ఫోటోల మందు కూడా ఎక్కించాక పట్టా ఆపారు.

ఆ తర్వాత ఫోటోలు తీశారు. నన్ను బయట కూర్చోబెట్టారు. చాలాసేపటికి దీప్తి డాక్టరమ్మ తనే బయటికొచ్చింది. "రక్తం అన్ని వైపులకీ బాగానే వెళ్తోందమ్మా. ఆపరేషన్‌కి గుండె అడ్డు కాదు. రిపోర్టు సాయంత్రం ఇస్తారు" అంది. వెనకాలే గోడ పట్టుకుని వస్తున్న బావను చూసి నవ్వింది. "ఇప్పుడు కాస్త టీ తాగండి, ఆ నీరసం తగ్గుతుంది. టీయే దీనికి విరుగుడు."

కింద క్యాంటీన్లో కూర్చున్నాం. నేను లేవబోతే కూర్చోమన్నాడు. తనే లేచి కౌంటరు దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి డబ్బులు తీసి ఇవ్వడం చూశాను. రెండు కప్పులు తెచ్చాడు, ఒకటి నిండుగా, ఒకటి సగం. నిండు కప్పు నా ముందు పెట్టాడు. సగం కప్పు తన ముందు పెట్టుకుని, తాగకుండా దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఊళ్లో ఎవులేటిచ్చినా కాదన్లేదు నాను" అన్నాడు. "నువ్వొక్కదానివి ఇత్తానంటే కాదన్నాను."

ఇన్ని నెలల కోపం ఇంకా పోలేదు. "ఇప్పుడేటంతావు మరి?" అన్నాను.

"పుచ్చుకుంతాను" అన్నాడు. "నువ్వూ జాగర్తగుండాల మరి. నీకు ఏటైనా అయితే, సూడు..." అని తన కప్పు దగ్గరికి లాక్కున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం నాకు ఇష్టం ఉండదు. కప్పు ఎత్తుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"తాగు బావా, సల్లారిపోతంది" అన్నాను.